డప్పు కాచడం నుంచి నానోట్యూబ్ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పనేమిటో మాకర్థమయ్యేలా చెప్పు" అని మన కార్యదర్శి గారు అడిగారు. కార్బన్ నానోట్యూబుల కంపనాలకు గణిత నమూనాలు కట్టడం నా పని. అరకులో దాన్ని చెప్పడం తేలిక. థింసాకు ముందు డప్పును మంట దగ్గర కాచడం మనమంతా చూసిందే. తేమకు వదులైన తోలు బిగుస్తుంది, మోత ఖంగుమంటుంది. బిగువు పెరిగితే కంపనాల వేగం పెరుగుతుంది. తీగకైనా అంతే.

కార్బన్ పరమాణువుల పొరను గొట్టంలా చుట్టినట్టుండేదే నానోట్యూబ్. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా రాసిన పత్రంతో ప్రపంచం దృష్టి వీటి మీద పడింది. 2004లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు రెండు చివరలూ బిగించిన నానోట్యూబును వోల్టేజీతో లాగి, దాని పౌనఃపున్యాన్ని మార్చి చూపించారు. మన మంట చేసే పనిని అక్కడ వోల్టేజీ చేసింది.

కంపించే తీగ మీద బరువు వాలితే కంపనం మందగిస్తుంది. ఎంత మందగించిందో కొలిస్తే ఆ బరువు తెలుస్తుంది. 2012లో బార్సిలోనా బృందం ఇలా 1.7 యోక్టోగ్రాముల తేడాను పసిగట్టింది. యోక్టోగ్రాము అంటే, దశాంశ బిందువు తర్వాత 23 సున్నాలు పెట్టి 1 రాస్తే వచ్చేంత గ్రాము. 1.7 అంటే దాదాపు ఒక ప్రోటాన్ బరువు! కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్ అణువులు వచ్చి వాలడాన్ని ఆ సాధనం గుర్తించింది.

అయితే పౌనఃపున్యం నుంచి బరువు రాబట్టాలంటే లెక్క కావాలి. లెక్కలో నానోట్యూబును బోలు దూలంగా తీసుకుంటాం. దానికి గోడ మందం ఇవ్వాలి. ఒకే వరస పరమాణువుల గోడకు మందమెంత? గ్రాఫైట్ పొరల మధ్య దూరమైన 0.34 నానోమీటర్లు తీసుకుంటే యంగ్ గుణకం సుమారు 1 టెరాపాస్కల్ వస్తుంది. 1996లో యాకబ్సన్ బృందం లెక్కలో మందం 0.066, గుణకం 5.5. మందాన్ని, గుణకాన్ని గుణించి చూడండి, రెండు చోట్లా దాదాపు ఒకే విలువ. ఏ జంటనైనా వాడుకోవచ్చు, విడదీయకూడదు.

నేను విడదీశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పత్రం నుంచి గుణకం 1, మరో పత్రం నుంచి మందం 0.066 తెచ్చుకున్నాను. పౌనఃపున్యం రావలసిన దాంట్లో సగం కూడా రాలేదు. గ్రాఫు మాత్రం ముచ్చటగా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. నివేదిక పంపే ముందురోజు మా బృందంలో అందరికన్నా చిన్నమ్మాయి అడిగింది: "సార్, ఈ మందం ఎక్కడిది?"

ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి లెక్క చేస్తుంటే మన తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఉపపత్తి సరిగ్గా ఉన్నా దత్తాంశం రాయలేదని మాస్టారు నాకు సగం మార్కులే వేశారు. ఆయన మీద వారం రోజులు అలిగాను.

ఇప్పటి పిల్లలకు కంప్యూటర్ క్షణంలో జవాబిస్తుంది. దేన్ని దత్తాంశంగా తీసుకుని ఆ జవాబు వచ్చిందో అడగడం మీరే నేర్పాలి గురువుగారూ. మార్కులు తెగ్గోసైనా సరే!