తీగలతో ఫిరంగి మోత

డోలు లేదు, ఫిరంగి లేదు. ఒట్టి తీగవాద్యాలతో యుద్ధం వినిపించాలంటే ఎలా?

అంతకుముందే ఫ్రాన్స్‌లో జానెకాన్ అనే ఆయన 1515 నాటి మరిన్యానో యుద్ధాన్ని నాలుగు గొంతులతోనే పాడించాడు. ఆ పాట 1528లో అచ్చయింది. 1673లో బీబర్ అదే పని వాద్యాలతో చేశాడు. రచన పేరు 'బటాలియా'.

పెద్ద వాద్యం తీగకి కాగితం తగిలించమన్నాడు. కమాను లాగితే గరగరమని సైనిక డోలులా మోగుతుంది. తీగని వేలితో గట్టిగా లాగి వదిలితే చెక్కకి కొట్టుకుని ఠప్‌మంటుంది. అదే ఫిరంగి! తాగిన సైనికులైతే ఎవరి పాట వాళ్లదే. ఎనిమిది పాటలు ఒకేసారి, శ్రుతి కలవకుండా. ఫోన్ పాడైందేమో అనిపిస్తుంది. కాదు, కావాలనే అలా రాశాడు.

ఇక్కడిదాకా సరదానే. తర్వాత విజయగీతం వస్తుందనుకుంటాం కదా? రాదు. చివర్లో వినిపించేది గాయపడ్డ తుపాకీ సిపాయిల ఏడుపు. 1648లో ముప్పై ఏళ్ల యుద్ధం ముగిసేసరికి బీబర్‌కి నాలుగేళ్లు. ఆ యుద్ధం చూసినవాళ్ల మధ్యే పెరిగాడు.

మొత్తం పది నిమిషాలే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఫిరంగి దగ్గర ఆపేస్తే మాత్రం సగమే విన్నట్టు.