సంవత్సరాంతపు పాటల మూట
(జిగణి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయింది. పచ్చడి అందరూ పుచ్చుకొన్నారు. ఆదాయ వ్యయాలు విని కొందరు సంతోషించారు, కొందరు లెక్క సరిచూడమన్నారు. ఇక పాటల సంగతి నాలుగు మాటలు మనవి చేయవలసిందని కార్యవర్గమువారు మా మిత్రబృందాన్ని ఆదేశించారు. పన్నెండు ఇండ్ల తరపున మాట్లాడుతున్నాము గనుక "మేము" అంటున్నాము గాని గొప్పకు కాదు.

నిన్నటితో వెళ్లిపోయిన సంవత్సరము పేరు విశ్వావసు. విశ్వావసువు గంధర్వుడు. నారదుని వీణ మహతి, తుంబురుని వీణ కళావతి అయినట్లే ఈయన వీణకు బృహతి అని పేరు. ఇటువంటి గాయకుని పేరు గల సంవత్సరము అరవయ్యేండ్లకు ఒకసారి గాని రాదు. 2025 మార్చి 30న మన గడప తొక్కిన ఆ అతిథిని వట్టి చేతులతో పంపరాదని మేము పన్నెండు పాటల మూట ఒకటి కట్టాము. దాని వైనము చెప్పడానికే ఇప్పుడు నిలబడ్డాము.

పద్ధతి చాల సులభము. ఫాల్గుణము రాగానే ఇంటికొక పాట ఎన్నుకోవాలి. ఆ యేడు తమకు తోడుగా నిలిచిన పాటే కావాలి. పాతదా, కొత్తదా, సినిమాదా, భజనా అన్న నిర్బంధము లేదు. పాటతోపాటు అది ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు వ్రాసి ఇవ్వాలి. అమావాస్య రాత్రి అందరము ఒకచోట చేరి ఆ వాక్యాలు చదువుకొని, పాటలు వింటాము. గంటలో ముగుస్తుంది.

ఇది మేము కనిపెట్టిన విద్య కాదు. 1952లో, కేస్కర్ గారు మంత్రిగా ఉన్న కాలములో, ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు దూరము పెట్టింది. జనము సిలోను రేడియోవైపు తిరిగారు. ఆ యేడు డిసెంబరులోనే అమీన్ సయానీ గారి బినాకా గీతమాల మొదలయింది. ఏటి చివర ఆ యేటి పాటలను వరుస కట్టి వినిపించేవారు. ఊరూరా శ్రోతల సంఘాలు పుట్టి ఉత్తరాలు వ్రాసేవి. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. మన తెలుగువారికి జనరంజని అలవాటయింది. పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్లు చదివేవారు గదా! ఆ పేర్ల కోసమే కార్డు వ్రాసినవారు ఈ సభలోనూ ఉన్నారు. పలానా ఊరినుంచి పలానావారు కోరారు అనగానే ఆ పాటకు ఒక ఇల్లు, ఒక వాకిలి ఏర్పడేవి.

తరువాత క్యాసెట్లు వచ్చినవి. పాటల చీటీ తీసుకొని పోతే రికార్డింగు దుకాణమతను నింపి ఇచ్చేవాడు. అరవై నిముషాల క్యాసెట్టు, పక్కకు ముప్ఫై. పక్కకు ఎనిమిదో తొమ్మిదో పాటలు పట్టేవి. చివరిది సగములో తెగిపోయేది. చోటు తక్కువ కాబట్టి ఏది ఉంచాలి, ఏది తీయాలి అని ఇంట్లో వాదము జరిగేది. ఆ వాదములోనే ఒకరి మనసు ఒకరికి తెలిసేది.

ఇప్పుడు ఫోనులో పాటలకు అంతు లేదు. అంతు లేదు కనుక ఎంపిక లేదు. యంత్రమే ఎన్నుకొంటుంది. మనకు నచ్చినదానివంటిదే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది గాని, పక్కింటివారికి నచ్చినదేదో చెప్పదు. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు చెవి తీగలు తగిలించుకొని కూర్చోవడము చూస్తూనే ఉన్నాము.

జిగణిలో మన బ్రతుకు మీకు తెలియనిది కాదు. రాళ్లు కోసి మెరుగుపెట్టే కర్మాగారాలు, యంత్ర పరికరాల కర్మాగారాలు, మూడు షిఫ్టులు. పగటి షిఫ్టువారి మొగము రాత్రి షిఫ్టువారు ఎరుగరు. హిందూపురమువారు, మదనపల్లెవారు, కర్నూలువారు, శ్రీకాకుళమువారు ఒకే వీధిలో ఉండి కూడా పండుగనాడు గాని పలకరించుకోరు. అందుకే ఈ మూట అవసరమనుకొన్నాము.

ఈ యేడు మూటలో ఏమున్నదో కొంచెము విప్పి చూపుతాము. ఒక అవ్వగారు 1951 నాటి మల్లీశ్వరి పాట ఇచ్చారు. కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరి రాజేశ్వరరావుగారి బాణీ. పల్లెటూరి పిల్ల రాణివాసములో చిక్కి ఊరికోసము పరితపించే కథ అది. "మాకు రాణివాసము లేదు గాని దిగులు అదే" అని ఆమె చెప్పి వ్రాయించారు. రాయి మెరుగుపెట్టే శ్రీకాకుళపు కుర్రవాడొకడు సినిమా పాట ఇవ్వలేదు. ఊళ్లో వాళ్లమ్మ నాట్లు వేస్తూ పాడగా ఫోనులో పట్టుకొన్న పాట ఇచ్చాడు. "పగలంతా యంత్రపు హోరు, పడుకొనేముందు ఇది వింటేగాని చెవి నాది కాదు" అని వ్రాశాడు. అది విన్న రాత్రి చాలసేపు ఎవరూ మాట్లాడలేదు.

వాదము ఒకటి వచ్చింది. ఇక్కడే పుట్టి కన్నడ బడిలో చదువుకొంటున్న తొమ్మిదేండ్ల పిల్లవాడు రాజ్‌కుమార్ గారి కన్నడ పాట తెచ్చాడు. తెలుగు మూటలో కన్నడమా అని కొందరన్నారు. రాజ్‌కుమార్ గారికి ఎన్నో యేండ్లు గాత్రమిచ్చిన పి. బి. శ్రీనివాస్ గారు పుట్టింది మన కాకినాడలో. ఈ ఆనేకల్లు తాలూకాలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నవి. వారు కన్నడిగులు కాకుండా పోలేదు, తెలుగు మరచిపోలేదు. ఉగాది ఇద్దరిదీ. కనుక పాటను చేర్చుకొన్నాము. కాని రెండు వాక్యాలు మాత్రము తెలుగులో, తన చేతితో వ్రాయాలన్నాము. వాడికి తెలుగు అక్షరాలు రావు. వాళ్ల తాతగారు పక్కన కూర్చొని పదిహేను రోజులు దిద్దించారు. ఆ రెండు వాక్యాలలో మూడు తప్పులున్నవి. వాటిని దిద్దకుండానే చదివాము.

అసలు సంగతి ఇదే. మన పిల్లలకు మాట వచ్చును, అక్షరము రాదు. ఇంకొక తరానికి మాట కూడా కష్టమే. వ్యాకరణము చెబుతామంటే పిల్లలు పారిపోతారు. నీకు నచ్చిన పాట ఎందుకు నచ్చిందో వ్రాయమంటే కూర్చొంటారు.

ఈ పని చేయదలచినవారికి మా అనుభవము కొంత. ఓట్లు పెట్టవద్దు. మొదటి స్థానము, రెండవ స్థానము అన్నామంటే ఎక్కువమంది ఉన్న జిల్లావారే ప్రతి యేడూ గెలుస్తారు. వరుసలో విషాదము వెంట విషాదము వద్దు. దిగులు పాట తరువాత చరుపు పాట వేయండి. ఒకే గాయకుని పాటలు వెంటవెంట రానీయవద్దు. చివర జోలపాటగాని మంగళముగాని ఉండాలి. చంటిపిల్లలున్న తల్లులు సంతోషిస్తారు. పాటలను దొంగ నకళ్లు తీసి పంచవద్దు; చీటీ పంచుకోండి, పాటను ఎవరి ఫోనులో వారు న్యాయముగా వినండి. పాడినవారికీ కడుపున్నది.

ఈ రోజు వచ్చిన సంవత్సరము పేరు పరాభవ అని విని కొందరు మొగము చిన్నబుచ్చుకొన్నారు. 1966లో వచ్చినదీ పరాభవయే. విశాఖ ఉక్కు కోసము తెలుగువారు ఒక్క గొంతుతో లేచింది ఆ సంవత్సరములోనే. కర్మాగారము ఆలస్యముగానైనా వచ్చింది. పేరుకు భయపడవలసినది లేదు.

వచ్చే ఫాల్గుణానికి పన్నెండు ఇండ్ల మూట ఒకటి చాలదు, వీధికొకటి కావాలి. రాత్రి షిఫ్టువారి కోసము పగలు ఒకసారి, పగటివారి కోసము రాత్రి ఒకసారి వినే ఏర్పాటు చేస్తాము. చేరదలచినవారు సభ ముగియగానే పేరు ఇవ్వండి. పాట తరువాత ఎన్నుకోవచ్చును. పిల్లలకు అక్షరాలు దిద్దించడము మాత్రము రేపే మొదలుపెట్టండి. సంవత్సరము చాల చిన్నది.