దూరవైద్యము - మన పల్లెలు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

విద్యార్థివేతనములను గూర్చియు వసతిగృహ నిర్మాణమును గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. నేను ముప్పది యేండ్లుగా రోగులను చూచుటయే కాని సభలలో మాటలాడుట యెఱుగనివాడను. నేను చెప్పదలచిన విషయమొక్కటియే. వైద్యుడొకచోటను రోగి మఱియొకచోటను ఉండగా, మాటను చిత్రమును తీగెలమీదను గాలిలోను పంపుకొని చికిత్స జరుపు పద్ధతి గలదు. దానిని టెలిమెడిసిన్ అందురు. దూరవైద్యమని నేను వ్యవహరించెదను.

దూరమన నేమో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మాచెర్లనుండి గుంటూరు నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి. కనిగిరి ప్రాంతమువారికి ఒంగోలు పెద్దాసుపత్రికి పోయి వచ్చుటయన్న నొక దినము చెల్లిపోవును. మిరపకాయల తొడిమలు తీయు నొక స్త్రీ జబ్బుపడినచో నామె కూలియు పోవును, తోడు వచ్చువాని కూలియు పోవును, బస్సుఖర్చులు మీదపడును. కావున నామె పోదు. మోటారుసైకిలుమీద నింటికే వచ్చి, సూదిమందు వేసి, డబ్బు పంట వచ్చినపుడిమ్మను నతనినే పిలుచును. ఆర్.ఎం.పి. యని మనవా రతనిని పిలుతురు. శాసనమున నా మూడక్షరములకు పట్టము పొంది నమోదైన వైద్యుడని యర్థము, మన పల్లెలలో సరిగా దానికి వ్యతిరేకము. అతని సూదిమందువలన జరుగు కీడు నేనెఱుగుదును. అయినను అర్ధరాత్రి పిలిచిన పలుకునది అతడొక్కడే గనుక, అతనిని నిందించుటకు ముందు పట్టణమున గూర్చున్న మావంటివారు కొంచెము సిగ్గుపడవలసియున్నది.

ఈ దూరవైద్యము నిన్న మొన్నటి వింత యని కొందఱు తలచుచున్నారు. అట్లు కాదు. 1905 లో హాలెండు దేశపు లైడెన్ నగరమున ఐంథోవెన్ అను పండితుడు, ఆసుపత్రిలోని రోగియొక్క గుండె విద్యుత్తును టెలిఫోను తీగెమీదుగా ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న తన ప్రయోగశాలకు రప్పించి గీతలుగా దింపెను. ఆయన యంత్రము మిక్కిలి పెద్దది గనుక దానిని రోగియొద్దకు మోయించుటకంటె రోగి గుండెచప్పుడునే యంత్రమునొద్దకు రప్పించుట సులభమని తోచినది. ఆస్ట్రేలియాలో 1928 లో జాన్ ఫ్లిన్ అను మతబోధకుడు విమానవైద్యసేవ నారంభించెను. మఱుసటి యేడు ట్రేగర్ అను నతడు కాలితో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోను తయారుచేయగా, వందల మైళ్ళు జనసంచారము లేని పశువుల క్షేత్రములనుండి గృహిణులు వైద్యునితో మాటలాడగల్గిరి. పిమ్మట నా యిండ్లకు సంఖ్యలు వేసిన మందులపెట్టె లిచ్చిరి. వైద్యుడు రేడియోలో సంఖ్య చెప్పిన చాలును. తొమ్మిదవ సంఖ్య మందు నిండుకొన్నందున నాలుగును అయిదును కలిపి మ్రింగినారని యొక హాస్యకథ ఆ దేశమున చెప్పుకొందురు. నవ్వుకొనుటకేమి గాని, చెప్పినది చెప్పినట్లు చేరకపోవుట యను చిక్కు నేటికిని మనల వదలలేదు.

మన తెలుగునాట 2000 సంవత్సరమున చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున అపోలో ఆసుపత్రివారు గ్రామీణ దూరవైద్యకేంద్రమును నెలకొల్పిరి. మఱుసటి యేడు భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు ఉపగ్రహముల ద్వారా ఆసుపత్రులను కలుపు ప్రయత్నమున కుపక్రమించిరి. ఆనాడు దానికి పెద్ద పళ్ళెమువంటి యాంటెన్నాయు, దానిని కనిపెట్టి యుండు మనిషియు కావలసియుండెను. నేడు మీ చొక్కాజేబులోని ఫోను చాలును. 2019 నవంబరున ఇ-సంజీవని యను కేంద్రప్రభుత్వ పద్ధతి గ్రామకేంద్రములలో మొట్టమొదట మన రాష్ట్రముననే అమలు జరిగినది. 2020 మార్చి 25 న, కరోనా ఉపద్రవకాలమున, దూరవైద్యమునకు దేశమంతటికి నియమావళి యేర్పడినది. 2023 ఫిబ్రవరి నాటికి ఇ-సంజీవని ద్వారా దేశమున జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటగా, అందు 3 కోట్ల 17 లక్షలు ఆంధ్రప్రదేశమువే. ఆ సంవత్సరము ఏప్రిల్ 6 న మన చిలకలూరిపేట చెంత లింగంగుంట్లలో నాటి ప్రభుత్వమువారు కుటుంబవైద్యుడను కార్యక్రమము నారంభించిరి; వైద్యుడు నెలకు రెండు మాఱులు సంచారవాహనముతో వచ్చుటయు, తక్కిన దినములలో గ్రామకేంద్రపు నర్సు ద్వారా వీడియోలో రోగులను చూచుటయు దాని సంకల్పము.

కోట్లసంఖ్య విని పొంగిపోవలదు. లెక్కలో చేరిన ప్రతి సంప్రదింపును ఒక రోగము కుదిరినదని కాదు. నా యనుభవములో వానిలో పెక్కు రక్తపుపోటు మాత్రలును మధుమేహపు మాత్రలును మఱల వ్రాయించుకొనుటకే. అది స్వల్పకార్యమని మాత్ర మనుకొనరాదు. మాత్ర నిండుకొనిన నాడు పట్టణమునకు పోలేక మానివేసి, ఆఱు నెలలకు పక్షవాతముతో బండిమీద వచ్చినవారిని నేను లెక్కకు మిక్కిలిగా చూచితిని. పురుగుమందు చల్లినవాని చర్మముపై లేచిన దద్దుల ఛాయాచిత్రము, మిరపకల్లములోని ఘాటుకు మానని దగ్గు, మానుచున్న పుండు, కాన్పునకు ముందు సందేహములు - వీనికి దూరవైద్యము చక్కగా నుపకరించును. చేతితో తడిమి చూడవలసిన కడుపునొప్పికి ఉపకరింపదు. పుండు దుర్వాసన ఫోనులో రాదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలయును. మూడేండ్ల క్రిందట నొక సాయంకాలము పల్నాటి గ్రామకేంద్రమునుండి యేబదియేండ్ల రైతొకడు తెరమీదికి వచ్చెను. "కడుపులో మంటండీ, పైకి ఎగదన్నుతుంది. మధ్యాహ్నం కొత్త పచ్చడి తిన్నాను" అనెను. నా యెదుట నింకను పదునేడుగురి పేర్లు వేచియున్నవి. ఆమ్లపిత్తమని తలచి మాత్ర చెప్పితిని. ప్రక్కన నిలిచిన నర్సు, మన బిడ్డల యీడుది, "సార్, చెమటలు బాగా పట్టినవి. చేతులు చల్లగా ఉన్నవి. నాకెందుకో బాగా అనిపించటం లేదు" అన్నది. నా తెరమీద నాతని ముఖము దీపపు వెలుగున తెల్లగా కనబడుచున్నదే గాని చెమట కనబడలేదు. మాత్ర యిచ్చి అరగంట చూడుమంటిని. "108 కి ఫోను చేశాను సార్" అని యామె మెల్లగా చెప్పినది. నాకు కోపము వచ్చినమాట వాస్తవము. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయగా గుండె క్రిందిభాగమునకు రక్తము నిలిచిపోయినట్లు తేలినది. గడ్డ కరగు మందు సకాలమున పడినందున నాతడు బ్రదికెను. ఏటేట సంక్రాంతికి నాకు రెండు కిలోల యెండుమిరపకాయలు పంపును. ఆమెకు పంపవలసినవి నాకు పంపుచున్నాడు.

కావున యంత్రమెంత గొప్పదైనను రోగి ప్రక్కన నిలిచిన మనిషి కన్నులు చేతులే వైద్యునికి కన్నులు చేతులు. ఆ గ్రామకేంద్రమున ఇ.సి.జి. యంత్రమే యున్నచో ఆమె నాతో వాదింపవలసిన పనియే లేకపోయెడిది. ఐంథోవెన్ తీగెమీద పంపిన గీతలే నేడు క్షణములో ఫోనుకు వచ్చును. 2023 లో మన రాష్ట్రమున మొదలుపెట్టిన హృద్రోగ కార్యక్రమము దీనిమీదనే యాధారపడినది. చిన్న యాసుపత్రిలో తీసిన గీతలను పెద్ద యాసుపత్రిలోని నిపుణుడు చూచి చెప్పగా, వేలరూకల వెలగల టెనెక్టిప్లేజ్ సూదిమందును అచ్చటనే ఉచితముగా వేయుదురు.

ప్రత్తిచేల ప్రాంతమువారికి వేఱుగ నొకమాట. పురుగుమందు త్రాగినను, చల్లునపుడు వంటి కెక్కినను, నోట చొల్లు కారుట, కంటిపాప సూదిమొనవలె ముడుచుకొనుట, చెమట, ఊపిరాడకపోవుట గనబడినచో వీడియోలో వైద్యుని వెదకుచు కూర్చుండవలదు. 2005 ఆగస్టు 15 న ఆరంభమైన 108 వాహనమును తక్షణమే పిలువుడు. వాహనము వచ్చులోపల తడిసిన బట్టలు విప్పి సబ్బునీటితో ఒడలు కడుగుడు. ఉప్పునీరు, సబ్బునీరు త్రాగించి వాంతి చేయించుట మన పల్లెలలో పరిపాటి. అది ప్రాణమునకే ముప్పు. డబ్బాను మాత్రము రోగితోపాటు పంపుడు, పేరు చూచి మందు నిర్ణయించుటకు.

మఱియొక సంగతి. మన కుటుంబములలో పెక్కింట నొకరో యిద్దఱో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో యున్నారు. రాత్రిపూట వీడియోలో తండ్రిని "ఎట్లా ఉన్నావు నాన్నా" యని యడుగుదురు, "బాగానే ఉన్నానురా" యని యాయన చెప్పును. అచ్చట వైద్యుడైన మేనల్లుడు సలహా చెప్పవచ్చును గాని, ఈ దేశమున నమోదు లేనివాడు మందు వ్రాయుటకు నియమావళి యొప్పుకొనదు. నమోదైన వైద్యుడైనను మత్తుమందుల పట్టికలోని యౌషధములు దూరమునుండి వ్రాయరాదు. ఎదుట చూడనిదే చెప్పలేనని యేక్షణమునందైనను నిలుపుటకు నాతనికి హక్కు గలదు. అట్లు చెప్పిన వైద్యునిపై అలుగవలదని ప్రార్థన.

ఇక నా మనస్సును మిక్కిలి కలచు విషయము. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు మన రాష్ట్రమున నూటికి దాదాపు 9 మంది. ఏ యితర రాష్ట్రమునను ఇంతమంది లేరు. ముప్పది యేండ్లకే తీయించుకొని, నడుము నొప్పియు నెముకల బలహీనతయు తెచ్చుకొని, మరల కోతలకు పోలేక యప్పుల పాలైనవారు మీ గ్రామములలో నున్నారు. వారి పేర్లు మీకే తెలియును. తెల్లబట్ట యనియు, అధికరక్తస్రావమనియు చెప్పినంతనే కత్తికి తలయొగ్గక, రెండవ వైద్యురాలి మాట వినుటకు మార్గముండిన వీరిలో నెందఱో ఆ సంచి నిలుపుకొని యుందురు. అయితే పల్లెలో ఫోను భర్తచేతిలోనో కుమారునిచేతిలోనో యుండును. కుమారుడు ఫోను పట్టుకొని నిలుచుండగా ఏ తల్లి తన రక్తస్రావమును గూర్చి నోరు విప్పును? మంత్రివర్యులకు మహజరు లిచ్చిన నిది తీఱదు. దీనికి తలుపు గల యొక గది కావలయును.

కార్యవర్గమువారికి నా విన్నపము: మన కల్యాణమండపములలో పెండ్లిండ్లు లేని దినములు సంవత్సరమున నధికము. అందొక గదికి లోగడియ పెట్టించి, తెర కట్టించి, మంచి దీపము, ఇ.సి.జి. యంత్రము, రక్తపుపోటు యంత్రము, చక్కెర చూచు యంత్రము, వీడియో పరికరము ఉంచవలయును. సంఘపు విద్యార్థివేతనములతో బి.ఎస్సీ. నర్సింగు చదివిన బాలికలు మనకున్నారు. వారిలో నొకరికి జీత మేర్పఱచి యచ్చట కూర్చుండబెట్టవలయును. రోగుల కాగితములు గుమస్తాచేతి కందరాదు. మనవారికే యని కొందఱు పెద్దలు నాతో ననిరి. వారియెడ గౌరవముతోనే చెప్పుచున్నాను: మన పొలములలో ప్రత్తి తీయువారెవరు, మన కల్లములలో తొడిమలు తీయువారెవరు? వారిని గుమ్మమున నాపి మనవారికే చూపు గదిలో నేను కూర్చుండజాలను.

స్త్రీల వైద్యురా లొకరు వారమునకొక పూట తెరమీదికి వచ్చుట కంగీకరించిరి. నేను గురువారము మధ్యాహ్నములు రెండు గంటలనుండి కూర్చుండెదను, ప్రతిఫలమేమియు లేకయే. యంత్రముల వెల వివరముగా వ్రాసి కార్యదర్శిగారికి అందించితిని. గది యే యూరి మండపమున నన్న ప్రశ్న, నర్సుజీతము మూలధనపు వడ్డీనుండియా లేక చందాలనుండియా యన్న ప్రశ్న రేపటి వ్యవహారసభలో మొదటి యంశముగా తీసికొనుటకు అధ్యక్షులవారు సమ్మతించియున్నారు. స్త్రీలుకూడ నా సభకు రావలెనని కోరుచున్నాను.