తాబేళ్ళ లెక్క, గస్తీ లెక్క

(తాల్‌బగీచాలో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా మంచి విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి సాబ్" అన్నారు కార్యదర్శి గారు. సరిహద్దు కబుర్లు చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవి ఏటా వింటూనే ఉన్నాం కదా. ఈసారి సముద్రం గురించి, తాబేళ్ళ గురించి చెబుతాను. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. సైంటిస్టుని కాను. ఇరవై ఎనిమిదేళ్ళ ఫౌజు నౌకరీలో ఒక అలవాటు మాత్రం ఒంటబట్టింది. ఎవరైనా టార్గెట్ ఇస్తే, అది మన చేతికొచ్చిందో లేదో దేన్ని చూసి తెలుసుకోవాలి అని అడుగుతాను. దీని వల్ల మా ఆఫీసర్లలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు విసుక్కున్నారు.

ముందు మన తాల్‌బగీచా సంగతే చూడండి. తాల్ అంటే బెంగాలీలో తాడి. బగీచా అంటే తోట. మ్యాపులో తోట ఉంది, బస్సు మీద తోట ఉంది, రేషన్ కార్డులో కూడా తోటే ఉంది. ఇప్పుడు బయటికెళ్ళి తాడిచెట్లు లెక్కపెట్టి రమ్మంటే మన కుర్రాళ్ళు ఎన్ని చెబుతారు?

సముద్రంలో కూడా ఇలాంటి తోటలు చాలా ఉన్నాయి. 2010లో జపాన్‌లోని నగోయాలో దేశాలన్నీ కూర్చుని, 2020 నాటికి సముద్రంలో 10 శాతం రక్షిత ప్రాంతం కావాలని తీర్మానం చేశాయి. ఆ వరసలో తర్వాతి సమావేశం 2012 అక్టోబరులో మన హైదరాబాదులోనే జరిగింది. 2020 వచ్చింది గానీ 10 శాతం రాలేదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో మళ్ళీ కూర్చుని, 2030 నాటికి 30 శాతం అన్నారు. 2024లో లెక్క చూస్తే ఎనిమిది శాతం పైచిలుకు తేలింది. నిజానికి ఆ తీర్మానాల్లో శాతం ఒక్కటే లేదు. రక్షిత ప్రాంతాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, వాటి నిర్వహణ సరిగా ఉండాలి అని కూడా రాశారు. పేపర్లో వచ్చేది మాత్రం శాతమే. మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, పోస్టు మనదే అన్నట్టుంది. అక్కడ జవాను ఉన్నాడా, తిండి చేరుతోందా, పక్క పోస్టుతో వైర్‌లెస్ కలుస్తోందా అని ఎవరూ అడగరు.

మనకి దగ్గర్లో ఉన్న రక్షిత ప్రాంతం ఒడిశాలోని గహిర్మఠ. ఇక్కణ్ణించి బాలాసోర్, భద్రక్ దాటి వెళ్ళాలి. 1997లో 1,435 చదరపు కిలోమీటర్లు సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. అవి ఒక్కొక్కటిగా కాదు, లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. కింద గంజాం జిల్లాలో ఋషికుల్య నది మొగ దగ్గర కూడా ఇలాగే వస్తాయి. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల మరబోట్ల వేట నిషేధం.

ఇందులో మన సర్వీసుల పాత్ర ఉందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కోస్ట్ గార్డ్ వాళ్ళు 1980ల నుంచి ఏటా "ఆపరేషన్ ఒలీవియా" నడుపుతున్నారు. పాత వీలర్ దీవి, అదే 2015లో అబ్దుల్ కలాం గారి పేరు పెట్టిన దీవి, గహిర్మఠకి ఆనుకునే ఉంది. తాబేళ్ళ కోసం 2025 జనవరి నుంచి మార్చి దాకా అక్కడ క్షిపణి పరీక్షలు ఆపారు. తాబేలు కోసం మిసైల్ ఆగిందంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది.

ఒలీవియాలో 2025 నాటికి 5,300కి పైగా సముద్ర గస్తీలు, 1,700కి పైగా విమాన గస్తీలు జరిగాయి, 366 పడవలు పట్టుకున్నారు. కష్టమైన డ్యూటీ, సెల్యూట్ చెయ్యాల్సిందే. అయితే అది మనం పెట్టిన కష్టం లెక్క. వచ్చిన ఫలితం లెక్క వేరు. నేను హవల్దారుగా ఉన్నప్పుడు నెలలో ఎన్ని పెట్రోలింగులు చేశామో రిజిస్టరులో అందంగా రాసేవాణ్ణి. ఒకసారి మా సీఓ సాబ్ అది మూసేసి, "ఇన్ని తిరిగారు సరే, చొరబాటు తగ్గిందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పోనీ, తాబేళ్ళనే లెక్కపెడదాం అంటారా? 2023లో ఋషికుల్యకి ఆరు లక్షల పైచిలుకు వచ్చాయి. 2024లో అక్కడ ఆ గుంపు రానేలేదు. 2025లో దాదాపు ఏడు లక్షలు వచ్చి రికార్డు అయింది. ఈ లెక్క ప్రకారం 2024లో అధికారులందర్నీ సస్పెండ్ చెయ్యాలి, 2025లో అందరికీ మెడల్ ఇవ్వాలి! సంగతేమిటంటే, ఆడతాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. ఇవాళ ఒడ్డెక్కింది పదిహేనేళ్ళ కిందట ఎవరో కాపాడిన పిల్ల. ఇవాళ్టి మన పని ఫలితం చూసేది మన తర్వాత వచ్చేవాళ్ళు. పైగా లెక్క కూడా ఒక్కొక్కటీ పట్టుకుని చేసేది కాదు. ఇసకలో అక్కడక్కడా పట్టీలు గుర్తుపెట్టి, వాటిలో వచ్చినవి లెక్కించి, మొత్తానికి హెచ్చవేస్తారు. మగవి అసలు ఒడ్డుకే రావు.

అదే సీజను, 2025 జనవరిలో, చెన్నై తీరాన ఇవే తాబేళ్ళు వందల్లో చచ్చి కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కితే నీళ్ళలోనే ఊపిరాడక పోతుంది. ఋషికుల్య దగ్గర పండగ, చెన్నై దగ్గర శవాలు. ఏ అంకె చూసి గెలిచామనాలి?

ఇక్కడే నెట్‌వర్క్ అన్న మాట అర్థమవుతుంది. 2021లో ఒడిశా తీరంలో గుర్తుబిళ్ళ వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. అంటే దేశం చుట్టూ తిరిగి, అటు సముద్రంలో తేలింది. దారిలో మన శ్రీకాకుళం ఉంది, కాకినాడ ఉంది, తమిళనాడు ఉంది. ఒక్క పోస్టు గట్టిగా ఉంటే సరిపోదు, మధ్యలో ఖాళీ ఉంటే కాన్వాయ్ అక్కడే దెబ్బ తింటుంది.

2010లో నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నాను. వండూర్ దగ్గర 1983లోనే పెట్టిన మెరైన్ నేషనల్ పార్కు ఉంది. ఆ ఏడు ఎండాకాలం నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడపు దిబ్బలు తెల్లబడిపోయాయి. వల వేసినవాడు లేడు, రూలు తప్పినవాడు లేడు. సెంట్రీ మెలకువగానే ఉన్నాడు, పోస్టు మాత్రం పోయింది. అందుకే ఒకే చోటిని నమ్ముకోకుండా, వేడి తక్కువ తగిలే నాలుగు చోట్ల దిబ్బలు కాపాడుకుంటే, ఒకటి పోయినా ఇంకో దాని పిల్లలు కొట్టుకొచ్చి మళ్ళీ అతుక్కుంటాయి. మన భాషలో రిజర్వు కంపెనీ. ముందుగా ఏ దిబ్బ ఎలా ఉందో రాసి పెట్టుకోకపోతే, ఎంత పోయిందో ఎంత కోలుకుందో కూడా తెలీదు.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెబుతాను. మా నాన్న ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో చేశారు గానీ, మా అమ్మ వైపువాళ్ళు వేటకెళ్ళేవాళ్ళు. మా మేనమామ కొడుకు గంజాం తీరంలో ఉంటాడు. అక్కడ చాలా ఊళ్ళలో ఇంట్లో తెలుగే. ఒక సీజనులో గస్తీవాళ్ళు అతని బోటు పట్టుకున్నారు. రెండు నెలలు కట్టేసి ఉంచారు. నిషేధం గీత సముద్రం మీద కనబడదు కదా, పొరపాటున దాటానని అతనంటాడు. నేను యూనిఫారం మనిషిని కాబట్టి రూలు రూలే అన్నాను. అతను నా మొహం చూసి, "ఏటి బావా, తాబేలుకి సెలవిచ్చారు. మరి మాకు సెలవు జీతం ఎవులిస్తారు?" అన్నాడు. ఆ రోజు వాళ్ళింట్లో నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

ఆంధ్రాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధానికి మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తారు. 2019లో అది 10,000 రూపాయలయింది, 2025లో 20,000 చేశారు. అది సరిపోతుందా అన్నది వేరే మాట. నా అభిప్రాయం ఏమిటంటే, నిషేధం వల్ల ఎన్ని ఇళ్ళలో అప్పు పెరిగింది అన్నది కూడా విజయం లెక్కలో ఒక గడిగా ఉండాలి. ఆకలితో ఉన్నవాడు రాత్రి లైటార్పి గీత దాటతాడు, ఎన్ని గస్తీలు పెట్టినా సరే. ట్రాల్ వలకి తాబేలు బయటపడే చట్రం, టెడ్ అంటారు, అది బిగించమంటే చేపలు కూడా పోతాయని బోటువాడు విప్పేస్తాడు. పోయిన చేపల మాట కూడా ఎవరో ఒకరు వినాలి కదా.

తర్వాత ఒక మంచి పని జరిగింది. మా బావ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఊరి ముందు ఒక కిలోమీటరు ఒడ్డుకి రెండు చివర్లా గుర్తులు పెట్టి, రోజూ పొద్దున్నే నడిచి నోటుబుక్కులో రాస్తున్నాడు. చచ్చిన తాబేళ్ళు ఎన్ని, కుక్కలు తవ్విన గూళ్ళు ఎన్ని, ఊళ్ళో ఆ రోజు వేటకెళ్ళిన పడవలు ఎన్ని, చేప ఎంత పడింది. ఒకే చోట, ఒకే పద్ధతి, రోజూ. ఆ బుక్కు నాకు చూపించినప్పుడు మా పాత రిజిస్టరు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. వాళ్ళ నాన్న మొదట్లో తిట్టాడు, ఇప్పుడు చేప లెక్క తనే చెబుతున్నాడు. శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ తీరాల్లో బంధువులున్న మన సభ్యులు ఎవరైనా అలాంటి బుక్కు మొదలుపెట్టిస్తే, గడులు ఎలా గీయాలో ఆ కుర్రాడి చేత చెప్పిస్తాను.

ఫిబ్రవరి, మార్చిల్లో తాబేళ్ళు వచ్చిన కబురు తెలిస్తే కుటుంబాలతో వెళదామని కొందరు అడిగారు. చెన్నై లైనులో గంజాం గానీ ఛత్రపురం గానీ దిగాలి. పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చేది ఇంకో నెలన్నర, రెండు నెలల తర్వాత. రాత్రి వేళ అవి వెలుగు ఎటు ఉంటే అటు నడుస్తాయి, సముద్రం అనుకుని ఊరి వైపు వచ్చేస్తాయి. కాబట్టి మన ఫౌజీ టార్చీలు ఇంట్లో పెట్టి రండి, సెల్‌ఫోను లైటు కూడా వెయ్యకండి.

జై హింద్.