అంటిన ధూళి, నడచిన దారి



శమంతకమణి కథ అందరకును తెలిసినదే. మణి ధరించి వేటకేగిన ప్రసేనుడు మరలి రాలేదు. అంతకుముందు ఆ మణిని అడిగినవాడు శ్రీకృష్ణుడు. అంతమాత్రమున లోకులు ఆయనయే హంతకుడని చెవులు కొరుకుకొనిరి. కృష్ణుడు వాదమునకు దిగక, పౌరులను వెంటబెట్టుకొని అడవికేగెను. ప్రసేనుడు పడియున్న చోటినుండి సింహపుటడుగులు, సింహము పడియున్న చోటినుండి భల్లూకపుటడుగులు గుహవరకు సాగినవి. జాడను పదిమంది యెదుట చూపుటయే ఇందలి విశేషము.

నేటి నేరపరిశోధన శాస్త్రమును ఈ దారినే నడచుచున్నది. ఫ్రాన్సులోని లియాన్ నగరమున 1910లో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ మతమున, రెండు వస్తువులు తాకినచో ఒకదానిది మరియొకదానికి అంటును. మిరపకాయల తొడిమలు తీసిన చేతితో కన్ను నులుముకొన్నవారికి ఈ సూత్రమునకు వ్యాఖ్యానమక్కరలేదు.

అయితే అంటినదని చూచుట వేరు, ఎట్లంటినదో నిర్ణయించుట వేరు. ఒంగోలు ప్రాంతమున మిరపకల్లములో దొంగతనము జరిగి, ఒకని చొక్కాపై కారపు ధూళి కనబడినదనుకొందము. కోతల కాలమున ఈ సీమలో ఆ ధూళి లేని చొక్కా యేది? కూలికి పోయిన భార్య కొంగునుండి రావచ్చును. బస్సులో ప్రక్కన కూర్చున్నవాని మూటనుండియు రావచ్చును. కల్లపు తలుపునకు వేసిన రంగు పెచ్చు అదే చొక్కాపై దొరకినచో దాని బరువు వేరు. ధూళి లేనంతమాత్రమున నిర్దోషి యనుటయు చెల్లదు. బట్టకంటిన పోగులలో పెక్కు కొలది గంటలలోనే రాలిపోవును.

2012లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక ధనికుని దొంగలు చంపిరి. హతుని గోళ్ళపై ఒక నిరాశ్రయుని డి.ఎన్.ఏ. దొరకగా, అతనిపై హత్యానేరము మోపి కొన్ని మాసములు చెరనుంచిరి. మరణశిక్ష పడు ప్రమాదమును ఉండెను. కాని హత్య జరిగిన రాత్రి అతడు త్రాగి స్పృహతప్పి ఆసుపత్రిలో నుండెను. అతనిని అచ్చటికి చేర్చిన వైద్యసహాయకులే కొన్ని గంటల పిదప హతుని యింటికి వెళ్ళిరి. డి.ఎన్.ఏ. వారితో ప్రయాణము చేసినదని తేల్చి అతనిని విడిచిపుచ్చిరి. అతనిని కాపాడినది సూక్ష్మదర్శిని కాదు, ఆసుపత్రి దస్త్రము! లెక్కలు వ్రాయువారిని తక్కువగా చూచువారు దీనిని గమనింతురు గాక.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, 7 సంవత్సరములు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో శాస్త్రనిపుణుడు స్థలమునకు రావలెనని విధించినది. దీని ఏర్పాటునకు రాష్ట్రములకు 5 సంవత్సరముల గడువిచ్చినది. నిపుణుడు వచ్చులోపల ఊరంతయు ఆ చోటు త్రొక్కినచో ఆయన చూచునది ఊరివారి అడుగులనే. పంచనామా వ్రాయునప్పుడు హతుని బట్టలను, అనుమానితుని బట్టలను ఆరబెట్టి వేర్వేరు కాగితములలో చుట్టవలెను. ఒకే మూటగా కట్టినచో, ప్రయోగశాలలో కనబడిన పోగు నేరస్థలములో అంటినదో, మూటలో అంటినదో చెప్పజాలినవాడు ఉండడు.