పాత ఆసుపత్రి బిల్లులకు మెడికెయిడ్: 2027 నుంచి మారే లెక్క

న్యూజెర్సీలో ఉంటున్న మన కుటుంబాలకు ఒక్క విషయం చెప్పాలి. మెడికెయిడ్‌కు, అంటే ఇక్కడి ఫ్యామిలీకేర్‌కు, దరఖాస్తు పెడితే అంతకు ముందు 3 నెలల్లో అయిన వైద్యానికి కూడా డబ్బు కట్టేవారు. ఆ నెలల్లో మీకు అర్హత ఉండి, ఆసుపత్రి మెడికెయిడ్ తీసుకునేదైతే చాలు. 1972 చట్టంతో వచ్చిన వెసులుబాటు ఇది.

2025 జూలై 4న సంతకమైన ఫెడరల్ చట్టం దీన్ని కుదించింది. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు, కేవలం ఆదాయం తక్కువని విస్తరణ కింద చేరే 19–64 ఏళ్ల వాళ్లకు వెనక్కి 1 నెలే. పిల్లలు, గర్భిణులు, వికలాంగులు, 65 దాటినవాళ్ల లాంటి పాత వర్గాలకు 2 నెలలు.

చూడండి, ఉద్యోగం పోయిన ఒకాయనకు ఫిబ్రవరి 20న గుండెపోటు వచ్చిందనుకుందాం. బిల్లు ఇంటికొచ్చాక, ఏప్రిల్ 2న దరఖాస్తు పెట్టారు. పాత లెక్కలో ఫిబ్రవరి కూడా వచ్చేది. కొత్త లెక్కలో మార్చి ఒక్కటే. ఆపరేషన్ ఖర్చంతా ఆయన నెత్తినే. అదే మార్చి 31న పెట్టి ఉంటే ఫిబ్రవరి కలిసేది. రెండు రోజుల తేడా అండీ!

మన ఊళ్లో ముఖ్యమంత్రి సహాయనిధికి డిశ్చార్జి అయ్యాక నిదానంగా బిల్లులు పెట్టుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. మనిషి ఐసీయూలో ఉండగానే పెట్టేయండి. ఆయన సంతకం చేయలేకపోతే ఇంట్లోవాళ్లు ఆయన తరఫున పెట్టొచ్చు. జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తర్వాతైనా ఇవ్వొచ్చు. లెక్కకొచ్చేది దరఖాస్తు తేదీ. ఆన్‌లైన్‌లో గానీ, కౌంటీ సోషల్ సర్వీసెస్ ఆఫీసులో గానీ పెట్టండి. పెట్టినట్టు రుజువు దాచుకోండి. పాత బిల్లులున్నాయని దరఖాస్తులోనే రాయండి, అడిగితే చెబుదాంలే అని ఊరుకోవద్దు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు. గ్రీన్ కార్డు వచ్చి 5 ఏళ్లు నిండని పెద్దలకు సాధారణంగా పూర్తి మెడికెయిడ్ రాదు గానీ, అత్యవసర వైద్యానికి వేరే దారి ఉంది, అడగండి.

పాత నెలలు కాదంటూ ఉత్తరం వస్తే, అందులో రాసిన గడువులోపు ఫెయిర్ హియరింగ్ కోరే హక్కు మీకుంది.