ముందు చక్రం దగ్గర టక్ టక్ చప్పుడా? బాల్ జాయింట్ ఊడితే ఏమవుతుందో వినండి

ఇవాళ ముందు చక్రం సంగతి. మా బావ కారుతో మొదలుపెడతాను, ఈ ఎపిసోడ్‌కి కారణం ఆయనే.

సెకండ్ హ్యాండ్ చిన్న కారు, 80 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ఎడమ పక్క టక్ టక్‌మని చప్పుడు. "పాత బండి కదరా, మామూలే" అని 6 నెలలు అలాగే నడిపాడు. ఒకరోజు హైవే దిగి పెట్రోల్ బంకులోకి తిప్పుతుంటే ఎడమ చక్రం అడుగు భాగం బయటికి తన్నుకొచ్చి, చక్రం పక్కకి వాలిపోయింది. బండి ఆ మూల నేలకి కూలబడింది. మెల్లగా తిప్పుతున్నాడు కాబట్టి సరిపోయింది. రెండు నిమిషాల ముందు అదే బండి 90లో ఉంది. వెనక సీట్లో మా అక్క, ఇద్దరు పిల్లలు.

ఏం జరిగిందో అర్థం కావాలంటే చక్రాన్ని ఎవరు పట్టుకున్నారో తెలియాలి.

మీరు స్టీరింగ్ తిప్పితే, దాని కింద రాడ్ చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం తిరుగుతుంది. అది ర్యాక్ అనే పళ్ల కడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. ర్యాక్ రెండు చివర్లా టై రాడ్లు ఉంటాయి. అవి చక్రం వెనక ఉండే నకుల్‌ని నెడతాయి, లాగుతాయి. స్టీరింగ్ అంటే ఇంతే. మన అంబాసిడర్‌లో కూడా ఉన్నది ర్యాక్ అండ్ పినియనే, కొత్త విద్యేం కాదు.

ఇప్పుడు ఆ నకుల్‌ని పైన స్ట్రట్ పట్టుకుంటుంది, కింద లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది. స్ట్రట్ అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపిన సెట్టు. బండి బరువు మోసేది స్ప్రింగే, షాక్ అబ్జార్బర్ కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గుంతలో పడ్డాక స్ప్రింగు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది, దాన్ని ఆపేది షాక్ అబ్జార్బర్. సిరంజిలో నీళ్లు నింపి నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే సులువు, గట్టిగా నొక్కితే ఎదురు తంతుంది. లోపల ఆయిల్ చేసే పని అదే.

సరే, అసలు దొంగ దగ్గరికి వద్దాం. లోయర్ ఆర్మ్‌కి, నకుల్‌కి మధ్య ఉండేది బాల్ జాయింట్. మన తుంటి ఎముక గిన్నెలో గుండులా తిరుగుతుందే, అచ్చం అలాగే. చక్రం పైకీ కిందకీ ఆడాలి, పక్కలకీ తిరగాలి, రెండూ ఒకేసారి. అందుకే అక్కడ మామూలు బోల్టు పనికిరాదు. లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు. ఆ బూటు చిరిగిందా, వాన నీళ్లు, దుమ్ము లోపలికి పోతాయి, గ్రీజు పోతుంది, గిన్నె అరుగుతుంది. అరిగి అరిగి ఒకరోజు గుండు గిన్నెలోంచి బయటికొస్తుంది. ఇక చక్రం అడుగుని పట్టుకునేవాడే లేడు. బావ కారుకి జరిగింది ఇదే.

నాకు కోపం తెప్పించింది ఇంకోటి. అంతకు రెండు నెలల ముందే వీల్ అలైన్‌మెంట్ చేయించాడు. కంప్యూటర్ స్క్రీన్ మీద అన్నీ పచ్చగా చూపించారు, డబ్బులు తీసుకున్నారు. చక్రాన్ని చేత్తో ఊపి చూసినవాళ్లు లేరు. జాయింట్లు లూజుగా ఉంటే మీరు పెట్టిన కోణం గేటు దాటేసరికి మారిపోతుంది. ముందు లూజు చూడాలి, పార్టు మార్చాలి, తర్వాతే అలైన్‌మెంట్.

చెక్ చేయడం కష్టమేం కాదు. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు చక్రం జాకీతో లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి మాత్రం దూరకండి, దండం పెడతాను. గడియారంలో 9, 3 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపండి. లూజు తగిలితే ముందు టై రాడ్ ఎండ్‌ని అనుమానించండి. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే లూజుందా? బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేక్ తొక్కించండి. లూజు పోతే బేరింగ్, అలాగే ఉంటే జాయింట్ వైపు చూడండి. అయితే ఒక మాట. చేతికి లూజు తగల్లేదని జాయింట్ బాగున్నట్టు కాదు. మెకానిక్ అయితే ఆర్మ్‌కి రాడ్ ఆనించి ఎత్తి చూస్తాడు, అది చేయించండి.

చప్పుళ్లన్నీ ప్రమాదమే అని కాదు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద టకటకమనేది చాలాసార్లు లింక్ రాడ్. అది పోయినా చక్రం ఊడదు, మలుపుల్లో బండి కాస్త ఎక్కువ ఒరుగుతుంది. స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. చిక్కేంటంటే, సీట్లో కూర్చుని వింటే ఇవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి.

బావ రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు మార్పించాడు. ఊడినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ కూడా లాక్కొచ్చింది, ఫెండర్ నలిగింది, బిల్లు బాగానే అయింది. ఇప్పుడు చిన్న చప్పుడు వచ్చినా నాకు ఫోన్ చేసి, ఫోన్‌ని డ్యాష్‌బోర్డు మీద పెట్టి వినిపిస్తాడు. మొన్న ఒకటి వినిపించాడు, అరగంట వెతికాం. గ్లోవ్ బాక్స్‌లో పిల్లల గోలీలు.